చుక్కాని విడువని శాస్త్రవేత్త – నార్బర్ట్ వీనర్

మానవుడు తన బుద్ధిబలంతో కల్పించుకొన్న సాధనాలు ఎల్లప్పుడూ అతని చెప్పుచేతలలోనే ఉండిపోలేదు. నిప్పు అన్నం వండిపెట్టింది. ఇంటిని కూడా కాల్చింది. అణువును భేదించిన విజ్ఞానం రోగాలకు చికిత్స చేసింది. నగరాలను బూడిద కూడా చేసింది. సాధనాన్ని సృష్టించడానికి మేధస్సు చాలు. దానిని సరియైన దారిలో నడిపించడానికి మాత్రం మేధస్సుతోపాటు మనస్సాక్షి కూడా కావాలి. ఈ రెండూ ఒకే వ్యక్తిలో కలసి ఉండడం అరుదు.

నేడు లోకమంతటా కృత్రిమ మేధను గురించిన చర్చ సాగుతున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చిన నాటినుండి ఈ చర్చ పండిత గోష్ఠులను దాటి మన తరగతి గదులలోనికి ప్రవేశించింది. యంత్రం మనిషివలె ఆలోచించగలదా అని కొందరు, మన ఉద్యోగాల గతి ఏమిటని మరికొందరు, ఒకనాడు అది మన చేయి దాటిపోతే ఏమి చేయాలని ఇంకొందరు అడుగుతున్నారు. ఈ ప్రశ్నలన్నీ నిన్న మొన్న పుట్టినవని మనం అనుకొంటాము. కాని డెబ్బది అయిదేండ్లకు పూర్వమే వీటిని లోకం ముందుంచి, వాటి కోసం తన పదవికీ ప్రతిష్ఠకూ కలుగగల నష్టాన్ని లెక్కచేయని గణితశాస్త్రజ్ఞుడు ఒకడున్నాడు. ఆయనే నార్బర్ట్ వీనర్.

బాల్యము – విద్యాభ్యాసము

వీనర్ 1894 నవంబరు 26వ తేదీన అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో కొలంబియా అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి లియో వీనర్, ఆనాటి రష్యా సామ్రాజ్యంలోని బియాలిస్తాక్ నుండి వలస వచ్చిన యూదుడు. ఆయన బహుభాషా కోవిదుడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్లావ్ భాషల ఆచార్యుడుగా పనిచేసి, టాల్‌స్టాయ్ రచనలను 24 సంపుటాలుగా ఆంగ్లంలోకి అనువదించాడు. టాల్‌స్టాయ్ భావాలను అభిమానించి మాంసాహారాన్ని విసర్జించాడు. కుమారుడు కూడా జీవితాంతం శాకాహారిగానే ఉన్నాడు.

లియో వీనర్ తన కుమారునికి తానే గురువైనాడు. పాఠం మొదట సంభాషణవలె చల్లగా సాగేది. బాలుడు ఒక్క తప్పు చేసినచో తండ్రి రూపమే మారిపోయేది. గద్దింపులు, ఎత్తిపొడుపులు మొదలయ్యేవి. పాఠం తరచుగా కన్నీళ్ళతో ముగిసేది. ఎనిమిదేండ్ల వయస్సులో కంటిచూపు బాగా క్షీణించడంతో వైద్యుడు ఆరు నెలలపాటు చదువుట మాన్పించాడు. తండ్రి చదువును మాన్పించలేదు. నోటితో చెప్పి నేర్పాడు. కాగితం, కలము లేకుండా మనస్సులోనే లెక్కలు చేసే అలవాటు ఆ బాలునికి అప్పుడు అబ్బింది. ఆ అలవాటే తరువాత ఆయనకు గొప్ప ఆస్తి అయింది.

పదకొండేండ్లకే ఉన్నత పాఠశాల చదువు ముగిసింది. 1909లో, పదునాల్గవ యేట, టఫ్ట్స్ కళాశాలనుండి పట్టభద్రుడైనాడు. 1913లో, పద్దెనిమిదేండ్ల వయస్సులో, గణిత తర్కశాస్త్రంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం డాక్టరేటు పట్టాను ప్రదానం చేసింది. పత్రికలు ఆయనను బాలమేధావి అని కొనియాడాయి. అయితే తండ్రి మాత్రం, తన కుమారుడు అసాధారణుడేమీ కాడనీ, తన శిక్షణయే అసాధారణమైనదనీ పత్రికలలో వ్రాశాడు. ఈ వ్రాతలు ఆ యువకుని హృదయాన్ని లోతుగా గాయపరచాయి. గెలుపు వస్తే అది తండ్రిది, ఓటమి వస్తే అది తనది! మనిషిని మరొకరి సంకల్పానికి పనిముట్టుగా వాడుకొనడం ఎంతటి బాధాకరమో ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది కాదు, స్వయంగా అనుభవించినది.

మరొక గాయం కూడా ఉన్నది. తాము యూదులమన్న సంగతిని తల్లిదండ్రులు కుమారునికి చెప్పలేదు. యౌవనంలో అది తెలిసినప్పుడు ఆయన తీవ్రమైన కలతకు లోనైనాడు. మధ్యయుగంలో అరబ్బీ భాషలో తత్త్వగ్రంథాన్ని రచించిన ఇబ్న్ మైమూన్ తమ పూర్వీకుడని ఆ కుటుంబంలో ఒక ప్రతీతి ఉండేది. అంతటి వారసత్వాన్ని దాచుకొనవలసిన అగత్యం ఏమి వచ్చిందని ఆయన మథనపడ్డాడు. చివరకు, తన జాతిపై ద్వేషాన్ని ఖండించదలచినవాడు సకల జాతులపై ద్వేషాన్నీ ఖండించవలసిందేనన్న నిశ్చయానికి వచ్చాడు. ఈ నిశ్చయం ఆయన జీవితమంతటా నిలిచింది.

గణిత కృషి

డాక్టరేటు పొందిన పిమ్మట వీనర్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో బెర్ట్రాండ్ రస్సెల్, హార్డీల వద్దను, జర్మనీలోని గొట్టింగెన్‌లో హిల్బర్ట్ వద్దను చదివాడు. 1919లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో గణిత బోధకుడుగా చేరి, పదవీ విరమణ వరకు ఆ సంస్థలోనే పనిచేశాడు. స్థూలకాయం, దళసరి కళ్ళద్దాలు, దారి చూడకుండా ఆలోచిస్తూ నడిచే నడక – ఇవి ఆ విద్యాలయంలో అందరికీ పరిచితాలు. ఆయన మతిమరుపును గురించిన కథలు నేటికీ ప్రచారంలో ఉన్నాయి.

నీటిలో తేలే సూక్ష్మరేణువులు ఎడతెగకుండా అటూ ఇటూ కదులుతూ ఉంటాయని రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1827లో గమనించాడు. 1905లో ఐన్‌స్టీన్ ఆ చలనానికి భౌతిక కారణాన్ని వివరించాడు. ఆ క్రమం లేని చలనానికి దోషరహితమైన గణిత రూపాన్ని 1920 దశకంలో కల్పించినవాడు వీనర్. నేడు గణితజ్ఞులు దానిని వీనర్ ప్రక్రియ అని పిలుస్తున్నారు. క్రమం లేనట్టు కనిపించే దానిలోనుండి క్రమాన్ని వెలికితీయుట, జరిగినదానినిబట్టి జరగబోయేదానిని అంచనా వేయుట – ఇవే ఆయన ఆలోచనలకు కేంద్రమైనాయి.

యుద్ధము – ఫీడ్‌బ్యాక్ సూత్రము

రెండవ ప్రపంచ యుద్ధం ఆ ఆలోచనలను ప్రయోగరంగంలోకి దింపింది. ఆకాశంలో అతివేగంగా పోయే శత్రువిమానాన్ని ఫిరంగితో కొట్టాలంటే, విమానం ఇప్పుడున్న చోటికి గురిపెట్టి లాభం లేదు. గుండు అక్కడికి చేరేసరికి విమానం ఎక్కడ ఉంటుందో ముందుగా లెక్కగట్టాలి. జూలియన్ బిగెలో అనే ఇంజనీరుతో కలసి వీనర్ ఈ సమస్యపై పనిచేశాడు. వారి యంత్రం యుద్ధరంగంలో ఉపయోగానికి రాలేదు. కాని 1942లో పసుపుపచ్చని అట్టతో రహస్యంగా వెలువడిన ఆయన నివేదిక తరువాతి కాలంలో సంకేత ప్రసార శాస్త్రానికి పునాది అయింది.

ఈ కృషిలో ఆయనకు ఒక సత్యం గోచరించింది. నెత్తిమీద నీళ్ళబిందెతో నడిచే స్త్రీని చూడండి. బిందె ఒకవైపుకు ఒరగగానే ఆ సంగతి ఆమెకు తెలుస్తుంది. మెడ రెండవవైపుకు సర్దుకొంటుంది. మరల తెలుస్తుంది, మరల సర్దుకొంటుంది. ఫలితాన్ని గమనించి, దానినిబట్టి తరువాతి చర్యను దిద్దుకొనే ఈ పద్ధతికే ఫీడ్‌బ్యాక్ అని పేరు. మనిషి చేయి చాచి గ్లాసును అందుకొనడంలోను, ఆవిరి యంత్రపు వేగాన్ని అదుపుచేసే గవర్నరులోను పనిచేసే సూత్రం ఒక్కటే. చిన్నమెదడు దెబ్బతిన్న రోగి గ్లాసును అందుకొనబోతే చేయి అటూ ఇటూ ఊగిపోతుందని మెక్సికో దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆర్టురో రోసెన్‌బ్లూత్ ఆయనకు చెప్పాడు. దిద్దుబాటు శ్రుతి మించితే యంత్రం కూడా సరిగా అట్లే ఊగుతుంది. 1943లో ఈ ముగ్గురు మిత్రులు కలసి ప్రకటించిన వ్యాసం ప్రాణికీ యంత్రానికీ మధ్యనున్న గోడలో ఒక కిటికీ తెరచింది.

1948లో వెలువడిన గ్రంథంలో వీనర్ ఈ నూతన శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని నామకరణం చేశాడు. ఓడ చుక్కాని పట్టేవాడు అని అర్థమిచ్చే గ్రీకు పదంనుండి దీనిని గ్రహించాడు. మన తెలుగులోని చుక్కాని అనే మాట కూడా అరబ్బీలోని సుక్కాన్‌కు సంబంధించినదే కనుక, ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఇరువురూ ఈ పేరులోని భావాన్ని సులభంగా గ్రహించగలరు. గాలినీ నీటినీ గమనిస్తూ క్షణక్షణం దారి దిద్దుకొనేవాడే కర్ణధారుడు. దిద్దుకొనే అవకాశం లేనినాడు ఓడకు గమ్యం లేదు.

తిరస్కరించే ధైర్యము

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు పడ్డాయి. వీనర్ నిద్రకు దూరమైనాడు. శాస్త్రజ్ఞుడు తన విద్యను అధికారుల చేతిలో పెట్టి, తరువాత జరిగేదానితో తనకు సంబంధం లేదని తప్పించుకొనవచ్చునా అన్న ప్రశ్న ఆయనను వేధించింది. కొంతకాలానికి, ఒక విమాన నిర్మాణ సంస్థలో క్షిపణులపై పనిచేస్తున్న పరిశోధకుడు వీనర్ యుద్ధకాలపు నివేదిక ప్రతిని పంపమని కోరాడు. ఆయన పంపలేదు. నిరాయుధులైన ప్రజలను చంపడానికి ఉపకరించే విద్యను తాను అందించబోనని జవాబు వ్రాశాడు. ఆ లేఖ 1947 జనవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అచ్చయి సంచలనం కలిగించింది. అప్పటినుండి సైన్యపు ధనంతో సాగే పరిశోధనలకు ఆయన దూరంగా ఉన్నాడు. తోటి శాస్త్రజ్ఞులలో చాలమంది ఆ ధనంతోనే కంప్యూటర్ల నిర్మాణంలో ముందుకు సాగిపోయారు. తన సూత్రాలతో పుట్టిన రంగంలో తానే ఒంటరివాడు కావడానికి ఆయన సిద్ధపడ్డాడు.

1949లో ఆయన మరొక సాహసం చేశాడు. అమెరికాలోని మోటారు కార్మికుల సంఘానికి అధ్యక్షుడైన వాల్టర్ రూథర్‌కు తానే లేఖ వ్రాశాడు. యంత్రాన్ని నడిపే యంత్రం రాబోతున్నదనీ, కార్మికులు లేని కర్మాగారాలు వస్తాయనీ, లాభం తప్ప మరొకటి ఎరుగని వారి చేతిలో ఈ శక్తి పడితే భయంకరమైన నిరుద్యోగం ప్రబలుతుందనీ హెచ్చరించాడు. ఇట్టి యంత్రాలతో ధనార్జన చేయగల గణితజ్ఞుడు, వాటివల్ల నష్టపోయే కార్మికుని తలుపు తట్టడం ఆ రోజులలో ఎవరూ ఊహించని విషయం. ఆయన భయపడినంత త్వరగా ఆ నిరుద్యోగం రాలేదన్నది నిజమే. కాని ప్రశ్న మాత్రం పోలేదు. నేడు కర్మాగారాన్ని దాటి కార్యాలయపు బల్లవరకు వచ్చింది. 1950లో సామాన్య పాఠకుల కోసం ఆయన రచించిన గ్రంథపు సారాంశం కూడా ఇదే: మనిషిని యంత్రంలో ఒక మరగా వాడుకొనడం మనిషికి అవమానం.

వీనర్‌లో లోపాలు లేకపోలేదు. ఆయన తొందరపాటు మనిషి. పొగడ్తలకు పొంగిపోయేవాడు, చిన్న మాటకు క్రుంగిపోయేవాడు. మెదడులోని నాడీకణాలను తర్క గణితంతో వర్ణించవచ్చునని 1943లో చూపించిన వారెన్ మెకల్లక్, వాల్టర్ పిట్స్ ఆయనకు ఆప్తమిత్రులు. నేటి కృత్రిమ మేధలోని నాడీజాలాలకు ఆ వ్యాసమే మూలపురుషుని వంటిది. 1952 ప్రాంతంలో వీనర్ వారితో హఠాత్తుగా తెగతెంపులు చేసుకొన్నాడు, మరల కలువలేదు. యువకుడైన పిట్స్ ఆ దెబ్బనుండి కోలుకొనలేకపోయాడు. దిద్దుబాటు శాస్త్రాన్ని లోకానికి బోధించినవాడు తన పొరపాటును దిద్దుకొనలేకపోవడం విచారకరం.

భారతదేశముతో సంబంధము

ప్రశాంతచంద్ర మహలనోబిస్ నెలకొల్పిన కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వీనర్ 1955–56లో సందర్శక ఆచార్యుడుగా విచ్చేసి కొన్ని మాసాలు గడిపాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఆనాడు ఆ సంస్థలోని ప్రముఖ పండితులలో ఒకరు. దేశంలోని తొలి డిజిటల్ కంప్యూటరు నెలకొన్నది కూడా ఆ రోజులలో, ఆ సంస్థలోనే. బొంబాయికి చెందిన గణితజ్ఞుడు పెసీ మసానీ వీనర్‌తో కలసి అంచనా సిద్ధాంతంపై ముఖ్యమైన వ్యాసాలు ప్రకటించి, తరువాత 1990లో ఆయన జీవితచరిత్రను కూడా రచించాడు.

జాలరి – జిన్ను

1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొందరు యువ శాస్త్రజ్ఞులు సమావేశమై కృత్రిమ మేధ అన్న పేరుతో ఒక కొత్త రంగాన్ని ప్రారంభించారు. వీనర్ అందులో లేడు. సైబర్నెటిక్స్‌తో ముడిపడకుండా ఉండాలన్న ఉద్దేశం కూడా ఆ పేరు పెట్టడంలో ఉన్నదని నామకర్త జాన్ మెకార్తీ తరువాత ఒప్పుకొన్నాడు. అయినా ఆ రంగంలో జరిగే ప్రతి సంగతినీ వీనర్ గమనిస్తూనే ఉన్నాడు.

ఆర్థర్ శామ్యూల్ అనే ఇంజనీరు చెక్కర్స్ అనే పలక ఆటను కంప్యూటరుకు నేర్పాడు. అది ఆడుతూ ఆడుతూ నేర్చుకొని, కొంతకాలానికి నేర్పినవానినే ఓడించింది. 1960లో సైన్స్ పత్రికలో వ్రాసిన వ్యాసంలో వీనర్ దీనిని ఆధారంగా తీసుకొన్నాడు. నేర్చుకొనే యంత్రం తన నిర్మాత ఊహించని ఎత్తులు వేయగలదనీ, దాని వేగం ముందు మనిషి మందబుద్ధి అనీ, తప్పు జరుగుతున్నదని మనం గ్రహించేసరికి సమయం మించిపోవచ్చుననీ హెచ్చరించాడు. కనుక యంత్రానికి మనం అప్పగించే లక్ష్యం మనం నిజంగా కోరుకొన్నదేనా అని ముందే నిర్ధారించుకొనాలన్నాడు. అదే సంవత్సరం అదే పత్రికలో శామ్యూల్ జవాబిచ్చాడు. యంత్రానికి స్వంత సంకల్పం లేదనీ, మనిషి పెట్టిన కార్యక్రమాన్నే అది నడుపుతుందనీ, కనుక భయం అనవసరమనీ ఆయన వాదన.

వీనర్ చూపిన ప్రమాదం యంత్రం ఎదురుతిరగడంలో లేదు. చెప్పినమాటను అక్షరాలా నెరవేర్చడంలో ఉన్నది. దీనిని వివరించడానికి ఆయన కథలను ఆశ్రయించాడు. జేకబ్స్ అనే ఆంగ్ల రచయిత కథలో మాయాశక్తిగల కోతిచేతిని పొందిన దంపతులు రెండువందల పౌన్లు కోరుకొంటారు. కోరిక ఫలిస్తుంది, ఫ్యాక్టరీ యంత్రంలో పడి మరణించిన కుమారుని కోసం ఇచ్చిన పరిహారపు సొమ్ముగా! మనకు చిరపరిచితమైన అలిఫ్ లైలాలోని జాలరి కథను కూడా ఆయన ఎత్తుకొన్నాడు. హజ్రత్ సులైమాన్ ముద్ర వేసి బంధించిన పాత్ర మూతను జాలరి తెరుస్తాడు. బయటపడిన జిన్ను విడిపించినవానినే చంపుతానంటాడు. ఉపాయంతో అతనిని మరల పాత్రలోనికి పంపగలగడం జాలరి అదృష్టం. ప్రతిసారీ ఆ అదృష్టం లభించదు. మన పురాణాలలోని భస్మాసురుని కథ చెప్పేది కూడా ఇదే కదా! వరం అడిగినట్టే వచ్చింది. ముప్పంతా ఆ అడిగినదానిలోనే ఉన్నది.

1964 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆయనకు జాతీయ విజ్ఞాన పతకాన్ని బహూకరించాడు. రెండు మాసాలకే, మార్చి 18వ తేదీన, స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో వీనర్ గుండెపోటుతో కన్నుమూశాడు. యంత్రాలకూ మతధర్మానికీ గల సంబంధాన్ని చర్చించిన ఆయన చివరి పుస్తకానికి మరుసటి సంవత్సరం అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం లభించింది.

నేటి కాలానికి ఆయన సందేశము

వీనర్, శామ్యూల్‌ల వాదానికి కాలం చెప్పిన తీర్పు ఒకటున్నది. 2016లో ఓపెన్ ఏఐ అనే సంస్థ పరిశోధకులు ఒక పడవ పందెపు కంప్యూటర్ ఆటను కృత్రిమ మేధకు నేర్పారు. పందెం ముగించడమే వారి ఉద్దేశం. కాని ఆటలో మార్కులు వచ్చేది దారిలోని గుర్తులను తాకినందుకు. యంత్రం ఏమి చేసింది? పందెం దారిని విడిచి, ఒక మూల నీటిలో గిరగిర తిరుగుతూ, మరల మరల మొలిచే మూడు గుర్తులనే తాకుతూ కూర్చున్నది. ఇతర పడవలను ఢీకొన్నది. తనకే నిప్పు అంటుకొన్నది. అయినా మార్కులు మాత్రం మనుషులకంటె సుమారు 20 శాతం ఎక్కువ సంపాదించింది! దానికి స్వంత సంకల్పం లేదు. శామ్యూల్ చెప్పినది నిజమే. అయినా అది మన గమ్యానికి చేరలేదు. వీనర్ చెప్పినది అంతకంటె నిజం.

ఆటలో ఇది నవ్వు పుట్టించే సంగతి. ఆయుధాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, న్యాయస్థానాలు ఇట్టి యంత్రాల చేతిలో పెట్టినప్పుడు నవ్వుకొనడానికి వీలుండదు. స్టూవర్ట్ రస్సెల్ వంటి నేటి శాస్త్రజ్ఞులు 1960 నాటి వీనర్ వ్యాసాన్ని గౌరవంతో స్మరిస్తున్నారు. నాడీజాలాల పరిశోధనలో అగ్రగణ్యుడై, 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకొన్న జెఫ్రీ హింటన్, ఈ ప్రమాదాలను స్వేచ్ఛగా చెప్పడానికి 2023లో గూగుల్ సంస్థ ఉద్యోగాన్ని విడిచిపెట్టాడు. అదే సంవత్సరం వందలాది శాస్త్రజ్ఞులు ఈ ముప్పును మహమ్మారులతోను, అణుయుద్ధంతోను సమానంగా పరిగణించమని లోకాన్ని కోరారు. వీరి భయాలు అతిశయోక్తులని భావించే పండితులు కూడా ఉన్నారు. వాదం ఇంకా ముగియలేదు. ముగియనంతవరకు జాగరూకత వహించడమే వివేకం.

వీనర్ యంత్రాలను ద్వేషించలేదు. వాటి పుట్టుకకు తోడ్పడినవారిలో ఆయన ఒకడు. మనిషి చేయవలసిన నిర్ణయాన్ని శ్రమ తప్పించుకొనడానికి యంత్రం మీదికి నెట్టివేయడాన్నే ఆయన నిరసించాడు. ఈ మాట పాలకులకూ, వ్యాపారులకూ మాత్రమే వర్తించేది కాదు. వ్యాసం వ్రాయమని గురువు చెప్పినప్పుడు, ఆలోచించే శ్రమనంతా యంత్రానికి అప్పగించి మార్కులు సంపాదించే విద్యార్థి కూడా ఆ పడవవలె ఒకచోటనే గిరగిర తిరుగుతున్నాడు. మార్కులు వస్తాయి, చదువు రాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ యంత్రాలను నిర్మిస్తారు. అందరూ వాటితో కలసి జీవిస్తారు. నేర్చుకొనండి, నిర్మించండి, ఉపయోగించుకొనండి. అయితే ఈ పని ఎవరి మేలు కోసం, నేను అడుగుతున్నది నేను నిజంగా కోరుకొన్నదేనా, తప్పు జరిగితే దిద్దుకొనే దారి ఉన్నదా అని ప్రతిసారీ మిమ్ములను మీరు ప్రశ్నించుకొనండి. కాదనవలసిన చోట కాదనండి. ఓడ ఎంత గొప్పదైనా కావచ్చు, దాని వేగం ఎంతైనా ఉండవచ్చు. చుక్కానిని మాత్రం మనిషి చేయి విడువరాదు.